నూటెనిమిది తాళ్ళ దూరం

మా అత్తగారు నాంచారమ్మగారితో పందెం కాసి గెలిచినవాళ్ళని నేను చూడలేదు. నేను కాపరానికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఆవిడ వాన ఏ పూట పడుతుందో కాసింది, గేదె పెయ్యని ఈనుతుందో దున్నని ఈనుతుందో కాసింది, పక్క చేను వాళ్ళ బోరులో ఎన్ని అడుగులకి నీళ్ళు పడతాయో కాసింది. అన్నీ గెలిచింది. అలాంటి మనిషితో రెండువేల ఒకటి మార్చిలో నా కెమెరాని ఒడ్డి పందెం కాశాను. బుద్ధి తక్కువై కాదు. లెక్క నా వైపు ఉంది కాబట్టి.

నా పేరు జ్యోతిర్మయి. అద్దంకికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల మా ఊరు, ఆ ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. పాఠం చెప్పడం నా ఉద్యోగం, ఫోటోలు తీయడం నా పిచ్చి. అద్దంకిలో స్టూడియో నడిపే మొహిద్దీన్ బాషాగారి దగ్గర ఒక పాత యాషికా కెమెరా కొనుక్కుని, దాన్ని వాడటం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీయను. పత్తి తీసే ఆడవాళ్ళ వేళ్ళు తీస్తాను. మిరపచేలో తెల్లవారుజాము మంచు తీస్తాను. ఒకసారి గేదె కంట్లో పడ్డ ఆకాశాన్ని తీశాను. "పంతులమ్మ గేదెకి ఫోటో తీసింది, సంబంధం చూస్తందేమో" అని ఊరంతా నవ్వింది. నవ్వనీ. వాళ్ళ గేదె కన్ను అంత బాగుంటుందని వాళ్ళకి తెలీదు, నాకు తెలుసు.

అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడకి పనికిరాని పని అంటే ఒళ్ళు మంట. నాలుగెకరాల మిరప ఆవిడ చేతిమీదే నడుస్తుంది. మా ఆయన ఎరువులు తెస్తాడు, మందు కొడతాడు, అమ్మ చెప్పిన మాట వింటాడు. కాయ కోతకొచ్చాక కల్లంలో ఆవిడ రాజ్యం. పొద్దున్నే కాయ పరిచి, ఎండ తగలనిచ్చి, సాయంత్రం మంచు పడకుండా కుప్పచేసి పట్టా కప్పి, మళ్ళీ పొద్దున్నే పరిపించి, రెండు వారాలు కంటికి రెప్పలా చూసుకుంటుంది. పాలిపోయి తెల్లబడ్డ కాయని మావైపు తాలు అంటారు. ఆవిడ కల్లంలో ఒక్క తాలుకాయ చూపించినవాడికి విందు పెడతానని ఆవిడ ఎప్పుడో ప్రకటించింది. ఇంతవరకూ ఎవరూ మా ఇంట్లో ఆ విందు తినలేదు.

పందేనికి మూలం జనవరిలో జరిగిన సైన్సు ఎగ్జిబిషన్. ప్రతి ఏడూ ఏదో ఒక స్కూలు గ్రహాల మోడల్ పెడుతుంది. తొమ్మిది థర్మోకోల్ బంతులు, దాదాపు అన్నీ ఒకే సైజు, జానెడు జానెడు దూరంలో తీగకి గుచ్చి, మధ్యలో ఎర్రబల్బు. అది చూస్తే నాకు తల తిరిగిపోతుంది. అబద్ధానికి రంగులేసి పిల్లలకి చూపించడం అది. అందుకని ఆ ఏడు నేను కొలత ప్రకారం నిజమైన మోడల్ పెట్టించాను. బల్ల మీద ఒకే ఒక్క నిమ్మకాయ పెట్టాం. అది భూమి. దానికి రెండు మూరల దూరంలో ఒక బఠాణీ గింజ. అది చంద్రుడు. పక్కన ఒక చార్టు: ఈ లెక్కన సూర్యుడు రెండు బారల వెడల్పు ఉంటాడు, ఈ హాల్లో పట్టడు, బస్టాండు అవతల ఉన్నాడు. కుజుడు ఒక రేగుపండు. గురుడు పెద్ద గుమ్మడికాయ, ఇక్కడికి కిలోమీటరున్నర పైన. శనిగ్రహం ఇంకో గుమ్మడికాయ, అది ఊరు దాటిపోయాక.

జడ్జిగా వచ్చిన పెద్దమనిషి నిమ్మకాయ వంక చూసి, "మిగతా మోడల్ ఏదమ్మా?" అన్నాడు. "ఊళ్ళో ఉందండి, ఊరి బయట కూడా ఉంది" అన్నాను. "మోడల్ అంటే బల్ల మీద పట్టాలి" అని రాసుకుని వెళ్ళిపోయాడు. బహుమతి ఎర్రబల్బుకి వచ్చింది.

ఆ కోపం నాకు మార్చి దాకా చల్లారలేదు. ఒక రోజు అన్నాల దగ్గర ఆ మాటే మళ్ళీ ఎత్తాను. సూర్యుడి అడ్డం ఎంతో దానికి ఇంచుమించు నూటెనిమిది రెట్ల దూరంలో భూమి ఉందనీ, కాబట్టి గుండ్రటి వస్తువు ఏదైనా సరే, దాని అడ్డానికి నూటెనిమిది రెట్ల దూరంలో నిలబడి చూస్తే అది ఆకాశంలో సూర్యుడంతే కనపడుతుందనీ చెప్పాను.

"ఏదైనానా?" అంది అత్తగారు.

"ఏదైనా. మన కల్లంలో రెండు బారల వెడల్పున కాయ గుండ్రంగా పరిచి, రెండు బారల తాడుతో నూటెనిమిది సార్లు కొలుచుకుంటూ పోయి వెనక్కి తిరిగి చూడండి. మీ కాయ సూర్యుడంతే ఉంటుంది అత్తయ్యా. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు."

"మిరపకాయలు సూర్యుడంతా?"

"ఫోటో తీసి చూపిస్తాను."

ఆవిడ కంచంలో చెయ్యి కడుక్కుంది. "ఫోటో రాకపోతే ఆ కెమెరా అటకెక్కుద్ది. ఆదివారం పూట దాన్ని మెళ్ళో ఏసుకుని చేల ఎంబడి తిరక్కుండా నా పక్కన కూర్చుని కాయ ఏరతావు. వచ్చిందనుకో, కల్లంలో పదిమంది ముందూ కోడలు చెప్పింది నిజమని నేనే అంటా. ఎప్పటిలోపు?"

"కాయ బస్తాలకెక్కేలోపు."

"సరే."

మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. తరవాత గదిలో, "నువ్వెందుకే ఆవిడతో పెట్టుకుంటావ్? తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటది" అన్నాడు. "నేను పట్టిన కుందేలుకి నాలుగు కాళ్ళున్నాయి, లెక్కపెట్టుకుని మరీ పట్టాను" అన్నాను. అన్నానే గానీ పడుకున్నాక భయం వేసింది, దాచుకోవడం దేనికి. ఆ కెమెరా వచ్చాకే నేను ఈ ఊరిని ఇష్టపడటం నేర్చుకున్నాను. పొన్నూరు దగ్గర పచ్చటి వరిపొలాల మధ్య పెరిగినదాన్ని, ఈ నల్లరేగడి నేలా ఈ దుమ్మూ మొదట్లో నాకు కంటికి ఆనలేదు. కెమెరాలోంచి చూడటం మొదలుపెట్టాకే ఆనింది. అది అటకెక్కితే నా కళ్ళు కూడా దాంతోపాటే ఎక్కుతాయి.

ఆ ఆదివారం పొద్దున్నే తాడు పట్టుకుని చెరువులోకి దిగాను. మా ఊరి సాగునీటి చెరువు మార్చికల్లా ఎండిపోతుంది. పడమట పెద్ద కట్ట, ఆ కట్ట కింద వరసగా మిరప కల్లాలు. అక్కణ్ణుంచి తూర్పుకి అర కిలోమీటరు ఖాళీ నేల, అడ్డం ఒక్క చెట్టు లేదు. సూర్యుణ్ణి పరిచి చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? కల్లం ఒక మూల మేకు కొట్టి, బారెడు తాడుతో సున్నా చుట్టి, దాని నిండా ఎర్రటి కాయ పరిపించాను. పరిచింది వెంకటరావమ్మ. కోతకొచ్చే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే మేస్త్రి. "ముగ్గేస్తన్నావా ఏంది పంతులమ్మా?" అని అడిగిందే గానీ చక్కగా పరిచింది.

తరవాత నూటెనిమిది తాళ్ళు కొలిచాను. ఎండలో వంగీ లేచీ నడుం పట్టేసింది. కొలత ముగిసిన చోట ఒక పుల్ల పాతి, దాని మీద నిమ్మకాయ గుచ్చాను. భూమిని దాని స్థానంలో నిలబెట్టాక కెమెరా తెచ్చుకుందామని ఇంటికి వెళ్ళాను.

చేసిన పొరపాటు తిరిగొచ్చేసరికి తెలిసింది. కోతకి వెళ్ళాల్సిన పాతికమంది ఆడవాళ్ళు కాలిబాట మీద గుంపుగా ఆగిపోయి ఉన్నారు. పుల్ల మీద నిమ్మకాయ, చుట్టూ ఎవరూ లేరు, పొద్దున్నే. ఎవరు ఎవరికి దిష్టి తీసి పారేశారో, ఇంకేం చేశారో, దాన్ని దాటితే ఎవరికి తగులుతుందో అని ఒక్కరూ అడుగు ముందుకి వేయడంలేదు. "అది భూమి" అని చెప్పాను. ఆ మాటతో భయం ఇంకా పెరిగింది. చివరికి కోత ఆలస్యమవుతోందని అత్తగారు కల్లంలోంచి గబగబా నడిచొచ్చింది. సంగతి విని, పుల్ల మీంచి నిమ్మకాయ పీకి, చీరకొంగుకి తుడిచి, వెంకటరావమ్మ కత్తితో రెండు ముక్కలు కోసింది. చేతిలో ఉన్న మజ్జిగ చెంబులో పిండుకుని అందరి ఎదటా గడగడా తాగింది.

"ఇంక పొండి" అంది. పాతికమందీ వెళ్ళిపోయారు.

నేను కెమెరా స్టాండు మీద పెట్టాను. బాషాగారి దగ్గర అరువు తెచ్చుకున్న పొడుగాటి జూమ్ లెన్సు బిగించాను. కంటికి ఆనించి చూశాను. సూర్యుడు లేడు. కట్ట కింద నేలబారుగా సన్నటి ఎర్రగీత ఒకటి ఉంది, అంతే. కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాను. గీతే.

అప్పుడు అర్థమైంది, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మిరపకాయ అనగానే కల్లం, కల్లం అనగానే చదును నేల. ఈ ఊళ్ళో పుట్టి బుద్ధెరిగినవాళ్ళంతా కాయని పడుకోబెట్టే ఎండేశారు, నిలబెట్టి ఎండెయ్యడం ఎవరికీ తెలీదు. నేలమీద పరిచిన సున్నాని దగ్గర్నుంచి చూస్తే సున్నా, దాదాపు రెండు ఫర్లాంగుల అవతల్నుంచి చూస్తే గీత. అన్నం తినే కంచాన్ని కళ్ళకి ఎదురుగా అడ్డంగా పట్టుకుంటే అంచు తప్ప ఏం కనపడుతుంది? పదేళ్ళుగా పిల్లలకి ఈ పాఠాలే చెబుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అత్తగారు నా వెనకే నిలబడి ఉంది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కట్ట వంక చూసింది.

"ఏదే నీ సూర్యుడు?"

నేను లెన్సుకి మూత పెట్టాను.

"కెమెరా అటక మీద ఎలకలు కొట్టకుండా గుడ్డ చుట్టి పెట్టుకో" అంది.

"కాయ ఇంకా బస్తాలకెక్కలేదండీ" అన్నాను. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. ఆవిడ నా వంక ఒక క్షణం చూసి కల్లంలోకి వెళ్ళిపోయింది. ఆ చూపు చూస్తే నా మాట నచ్చనట్టు లేదు.

వారమంతా ఆలోచించాను. కాయని దండలు గుచ్చి గోడకి వేలాడదీద్దామా అంటే, ఏ గోడా రెండు బారల ఎత్తు లేదు. ఎర్రచీర కర్రలకి కట్టి నిలబెడదామంటే పందెం కాయ మీద, చీర మీద కాదు. నేను ఏది అనుకున్నా ఏదో ఒకటి అడ్డం వస్తోంది. వచ్చే శుక్రవారం బస్తాలు తొక్కిస్తానని అత్తగారు గుంటూరు వ్యాపారికి కబురు కూడా పంపింది.

శనివారం సాయంత్రం ఎక్కడా లేని మబ్బు పట్టింది. అలాంటప్పుడు మా ఊళ్ళో పంతులమ్మా లేదు, ఆసామీ లేదు, ఎవరి కల్లానికి వాళ్ళు పరిగెత్తాల్సిందే. నేనూ మా ఆయనా అత్తగారూ వెంకటరావమ్మా కాయంతా కుప్పకి లాగి పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. అరగంట గట్టిగా కొట్టింది వాన. కాయ తడవలేదు. కానీ నేల తడిసింది. నల్లరేగడి తడిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెప్పు పెడితే చెప్పు అందులోనే ఉండిపోతుంది. ఆ బురదలో కాయ పరవడానికి కనీసం మూడు రోజులు ఆగాలి. మూడు రోజులు కుప్పలో ఉంటే కాయ మగ్గి రంగు పోతుంది.

నాంచారమ్మగారు ఆగే మనిషి కాదు. ఆదివారం పొద్దున నేను లేచి వెళ్ళేసరికే కాయ మోయిస్తోంది. ఎక్కడికి? చెరువుకట్ట మీదికి. కట్టకి నీళ్ళు కొట్టుకోకుండా లోపలి వాలు మీద రాళ్ళు పేర్చి ఉంటాయి. రాయి మీద నీరు నిలవదు, ఎండ తగిలితే గంటలో ఆరిపోతుంది. ఆ గరుకు రాళ్ళ మీద కాయ జారదు కూడా. పాతికేళ్ళ కిందట ఇలాగే ఒకసారి వాన పడితే ఆవిడ అత్తగారు అలాగే చేసిందిట.

నేను చెరువు మధ్యలో బురదలో నిలబడిపోయాను. నా ఎదురుగా కట్ట వాలు మీద మా కాయ, పొద్దుటెండ నేరుగా పడి, ఎర్రగా, నిలువుగా లేచి నిలబడి ఉంది. వారం రోజులు నేను వెతికిన గోడ పాతికేళ్ళ కిందటే మా ఇంట్లోవాళ్ళకి తెలుసు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అత్తయ్యా, రేపు ఆ కాయని నేను చెప్పినట్టు పరవనిస్తారా?"

"రేపు ఉగాది."

"నాకు సెలవు."

"కాయకి సెలవుండదులే" అంది. అది ఒప్పుకున్నట్టే.

"కానీ ఒకటి. గుండ్రంగా పరిస్తే గుండ్రంగా కనపడదు. అది వాలు కదా, ఇటు నుంచి చూస్తే ఎత్తు తగ్గిపోతుంది. ఎంత పొడుగ్గా పరవాలో భూమి దగ్గర నిలబడి చూసి చెప్పాలి. మీరే నిలబడి చెప్పాలి."

"నేనెందుకు?"

"నేను చెబితే మోసం చేశానంటారు. పైగా నా గొంతు అంత దూరం వినపడదు, మీదైతే వినపడుతుంది."

వెంకటరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు మాత్రం అందులో తప్పేమీ కనపడనట్టు తల ఊపింది.

ఉగాది పొద్దున పచ్చడి నాకి, ఎనిమిదింటికల్లా చెరువులో ఉన్నాం. ఈసారి భూమి పుల్ల మీద లేదు, నా కెమెరా సంచిలో ఉంది. స్టాండు కాళ్ళ కింద మూడు చదును రాళ్ళు పెట్టాను. జూమ్‌ని చివరిదాకా లాగి, అది ఒక్క వెంట్రుకవాసి కదలకుండా చుట్టూ దెబ్బలకి వేసే ప్లాస్టర్ అంటించాను. పొద్దునా సాయంత్రం ఒకే చోటు నుంచి, ఒకే లెన్సుతో, ఒకే జూమ్‌తో తీయాలి. మధ్యలో ఏది కదిలినా పందెం చెల్లదు.

వెంకటరావమ్మ ముఠా ముందు రెండు బారల వెడల్పున అచ్చమైన సున్నా పరిచారు. అత్తగారు మొదటిసారి నా కెమెరాలోకి వంగింది. కొప్పు అడ్డం వస్తే సర్దుకుని మళ్ళీ వంగింది.

"నొక్కేసిన గారెలా ఉంది" అంది. తల ఎత్తి కట్టవైపు తిరిగి కేకేసింది. "ఎంకట్రావమ్మా, పైకి లాగండే. పైకి."

కట్ట మీద ఆడవాళ్ళు కాయని పైకి తోశారు. ఆవిడ మళ్ళీ వంగి చూసింది. "ఇంకా." మళ్ళీ వంగింది. "ఇంకా పైకి. కిందకి గూడా కొంచెం." ముఠా వాళ్ళకి పిచ్చెక్కినట్టుంది, దగ్గర్నుంచి వాళ్ళకి కనపడేది రెండింతలకి పైగా సాగిన కోడిగుడ్డు. "ఇది గుండ్రమేంటి, నీ మొహం" అని అక్కణ్ణుంచి వెంకటరావమ్మ అరుపు సన్నగా వినపడింది. అత్తగారు వినిపించుకోలేదు. ఎడమ పక్క బొడిపె ఉందని తీయించింది. కుడిపక్క చొట్ట పడిందని నింపించింది. రెండుసార్లు ఎవరో తాలు ఏరలేదని అనుమానమొచ్చి, తానే కట్టదాకా నడిచి వెళ్ళి చూసుకుని వచ్చింది. ముప్పావుగంట తరవాత కెమెరా మీంచి తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తింది.

"ఇప్పుడు తియ్యి."

నేను చూశాను. బూడిదరంగు రాళ్ళ మధ్య ఎర్రటి గుండ్రటి చుక్క, ఒక్క పిసరు అటూ ఇటూ లేదు. నా చేత్తో అంత గుండ్రంగా ఎప్పటికీ చేయించలేకపోయేదాన్ని. ఇరవైమూడో ఫ్రేము తీశాను.

"నీ సూర్యుడు ఇంతేనా?" అని అడిగింది.

"ఇంతే అండి. సాయంత్రం చూద్దాం."

"కంటికి ఏదైనా కనపడుద్ది. ఫోటో రావాలి."

పగలంతా కెమెరాకి గొడుగు కాపలా పెట్టి అక్కడే కూర్చున్నాను. మా ఆయన బొబ్బట్లు తెచ్చి, నా వంకా స్టాండు వంకా చూసి వెళ్ళాడు. సాయంత్రం కాయని కుప్ప చేసి కప్పేశారు. సూర్యుడు కట్ట మీదికి దిగి, కంటికి గుచ్చుకోకుండా చల్లబడి ఎర్రబడేదాకా ఆగాను. సూర్యుడు తప్ప మిగతాదంతా చీకటైపోయేంత తక్కువ వెలుగు పెట్టి ఇరవైనాలుగో ఫ్రేము తీశాను.

మర్నాడు రీలు బాషాగారికిచ్చాను. ఆయన గుంటూరు కలర్ లాబ్‌కి పంపించి, గురువారం సాయంత్రానికి తెప్పించాడు. కవరు విప్పి ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టుకున్నాను. మిరప సూర్యుడు ఉన్నాడు. అసలు సూర్యుడు లేడు.

"ఇరవైనాలుగు ఏది బాషాగారూ?"

"వాళ్ళు ప్రింటు వెయ్యలేదమ్మా. ఫ్రేమంతా ఖాళీగా ఉంటే పాడైందనుకుని వదిలేస్తారు." ఆయన నెగటివ్ తీసి లైటుకేసి పట్టాడు. "పాడవలేదు. ఉన్నాడు, మధ్యలో చుక్కంత. మళ్ళీ పంపించనా? సోమవారానికి వచ్చేస్తది."

పొద్దున్నే కాయ బస్తాలకెక్కుతోంది. సోమవారం దాకా నాకు గడువు లేదు.  ఆ నెగటివ్ స్ట్రిప్పు వంక చూస్తుంటే తెలిసింది, నాకు ప్రింటే అక్కర్లేదు.

"మీ కత్తెరా, భూతద్దమూ ఇవ్వండి. రేపు సాయంత్రం తెచ్చిస్తాను" అన్నాను. కొత్త రీలు కూడా వేయించుకున్నాను. అటకెక్కే కెమెరాలో ఎవరూ కొత్త రీలు వేయించరు.

శుక్రవారం స్కూలుకి సెలవు పెట్టి కల్లానికి వెళ్ళాను. ముఠా అంతా ఉన్నారు. సగం బస్తాలు తొక్కడం అయింది. గుంటూరు వ్యాపారి లారీ పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"వచ్చిందా?" అంది అత్తగారు, బస్తా కుట్టే దబ్బనం చేతిలోనే ఉంది.

"వచ్చింది." ఇరవైమూడుకీ ఇరవైనాలుగుకీ మధ్య నెగటివ్ కత్తిరించాను. "ఇది మీ కాయ. ఇది సూర్యుడు. ఒకే చోటు, ఒకే లెన్సు, ఒకదాని పక్కన ఒకటి. ఎవరూ పెంచలేదు, తగ్గించలేదు. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాను. కాయ పెద్దదైతే అంచు బయటికి కనపడుతుంది. చిన్నదైతే లోపలికి పోతుంది."

రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి జరిపి, ఆకాశంకేసి పట్టుకుని, భూతద్దం ఆవిడ కంటికి ఆనించాను. నెగటివ్‌లో రంగులన్నీ తిరగబడతాయి. ఎర్ర కాయ ఆకుపచ్చ చుక్క అయింది. వెలిగే సూర్యుడు నల్లటి చుక్క అయ్యాడు. రెండూ ఆవగింజంత.

ఆవిడ చాలాసేపు చూసింది. ముఠా అంతా పని ఆపేసింది.

"నల్లది ఒక్కటే కనపడుతంది. మనది ఏది?"

"దాని కిందే ఉంది. కొంచెం జరుపుతాను చూడండి."

జరిపాను. ఆకుపచ్చ అంచు బయటికొచ్చింది. మళ్ళీ కలిపాను. పోయింది. ఇంకోసారి జరపమంది. ఇంకోసారి కలపమంది. తరవాత భూతద్దం తన చేతిలోకి తీసుకుని, నల్లచుక్కనే చూస్తూ ఉండిపోయింది.

"ఇందులో తెల్లగా ఏందది? ఒక మూల."

నేనూ చూశాను. నిజమే. సూర్యుడి నల్లటి చుక్కలో పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. ముందురోజు కంగారులో నేను గమనించనే లేదు. ఆ వారం సూర్యుడి మీద చాలా పెద్ద మచ్చ వచ్చిందని పేపర్లో చదివాను. ఫోటోలో పడేంత పెద్దదని అనుకోలేదు.

"సూర్యుడి మీద మచ్చ అండి. మన భూములు పది పక్కపక్కన పెట్టినంత ఉంటుంది."

"తాలు" అంది.

"కాదండీ, అది..."

"నాకు చెప్పమాక, ముప్పై ఏళ్ళ నుంచి ఏరుతున్నా. తాలే." భూతద్దాన్ని కాయ నెగటివ్ మీదికి జరిపి, దాన్ని అంగుళం అంగుళం వెతికింది. అందులో మచ్చ లేదు. ఉండదు, రెండుసార్లు కట్టదాకా నడిచి వెళ్ళి ఏరించింది. ఆవిడ నెమ్మదిగా నిటారుగా నిలబడింది.

"ఒసే ఎంకట్రావమ్మా, అందరూ ఇనండి. మా కోడలు చెప్పింది నిజం. కాయా సూర్యుడూ ఒకటే కొలత, నేను కళ్ళారా చూశా."

ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జనవరి నుంచీ కడుపులో ఉన్న ఎర్రబల్బు ఆ క్షణాన ఆరిపోయింది.

అప్పుడే వ్యాపారి బీడీ పారేసి వచ్చాడు. అలవాటు ప్రకారం ఒక బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయ తీసి, మొహం చిట్లించి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అత్తగారు భూతద్దం ఆయన చేతిలో పెట్టింది.

"బాగా చూసుకో. సూర్యుడిలోనైనా తాలుంది గానీ మా కాయలో లేదు."

కొత్త రీల్లో మొదటి ఫ్రేము అప్పుడే తీశాను. అందులో ఆవిడ బస్తా మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.